పోయిన రాగి మళ్లీ వచ్చింది



చిరుధాన్యాలు తినండని ప్రభుత్వాలు ఇప్పుడు గట్టిగా చెబుతున్నాయి. 2018ని కేంద్రం చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన దేశం అడిగితే ఐక్యరాజ్యసమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ జనవరిలో బెంగళూరులోనే పెద్ద మేళా జరిగింది. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక బడిపిల్లలకు పాలతో రాగి మాల్ట్ ఇవ్వడం మొదలైంది.

సంతోషమే. అయితే మన ఇళ్లలోంచి రాగి ఎలా పోయిందో కూడా చెప్పుకోవాలి. హోసూరు, కోలారు, మదనపల్లె వైపు మనవాళ్లకు రోజూ సంగటే. తమిళంలో కళి, కన్నడంలో ముద్దె. వరి అన్నం పండగనాటి మాట. 1983లో ఎన్టీ రామారావు గారు ఆంధ్రలో రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చారు. 2013లో ఇక్కడ అన్నభాగ్య వచ్చింది, రూపాయికి కిలో. పేదల ఆకలి తీరింది, అది చిన్న విషయం కాదు. కానీ అన్నం గౌరవమైంది, సంగటి నామోషీ అయింది.

పంటలో లోపం లేదు. మండ్యలో రాగి లక్ష్మణయ్య గారు మన రాగిని ఆఫ్రికా రాగితో కలిపి ఎక్కువ పండే 'ఇండాఫ్' రకాలు తీశారు. 100 గ్రాముల రాగిలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. తెల్లబియ్యంలో పదో వంతు కూడా లేదు.

మేళాలు, ప్రకటనలు ప్రభుత్వం చేయగలదు. నామోషీ పోగొట్టవలసింది మనమే. వచ్చే ఉగాది పంక్తిలో మొదటి వడ్డన సంగటి, ఉలవచారు అయితే మన పిల్లలు చూస్తారు. ఏమంటారు?