ముందద్దం: గాలి పేరు, గాజు కథ

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు హైవే ఎక్కితే కొల్లేరు చేపల లారీలు కనిపిస్తాయి కదా. ఆ లారీ ముందద్దాన్ని బ్రిటిష్ వాళ్లు విండ్‌స్క్రీన్ అంటారు, అమెరికా వాళ్లు విండ్‌షీల్డ్. మన 1989 మోటారు వాహనాల రూల్స్‌లో ఉన్నది బ్రిటిష్ మాటే.

రెండు పేర్లలోనూ గాలే ఉంది చూడండి. మొదట్లో దాని పని గాలీ దుమ్మూ ఆపడమే. మామూలు గాజు. బండి గుద్దితే ఆ ముక్కలే మొహం కోసేవి.

1903లో ఫ్రాన్స్‌లో ఎదువార్ బెనెడిక్టస్ ల్యాబ్‌లో ఒక ఫ్లాస్క్ కింద పడిందట. పగిలింది గానీ ముక్కలు విడిపోలేదు. లోపల ఎండిన సెల్యులోజ్ నైట్రేట్ పొర పట్టేసుకుంది! 1909లో పేటెంట్. రెండు గాజు పలకలు, మధ్యలో పొర: అదే లామినేటెడ్ గ్లాస్.

మనకేమో అన్నీ 'అద్దాలే'. మొహం చూసుకునేదీ అద్దమే. "సైడద్దం పోయింది" అంటే మెకానిక్ "కిటికీదా, మిర్రరా?" అని అడగాల్సిందే. కిటికీది సాధారణంగా టఫెన్డ్, పగిలితే రవ్వలైపోతుంది. ముందుది మాత్రం లామినేటెడే ఉండాలి, రూల్ కూడా అదే. మార్పిస్తుంటే "అద్దం వెయ్యి" అని వదిలెయ్యకండి, "లామినేటెడేనా?" అని అడిగి, గాజు మూల ముద్ర చూడండి.