అబింగ్డన్ మూతపడింది, ఎంజీబీ ఆగలేదు

ఏటా అక్టోబరు వచ్చిందంటే పాత ఎంజీ కార్ల అభిమానులకు అబింగ్డన్ గుర్తుకొస్తుంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరున్న ఆ చిన్న ఊళ్లో ఎంజీబీ తయారీ ఆగిపోయింది 1980 అక్టోబరులోనే. టాపు విప్పుకుని ఇద్దరు హాయిగా పోయే ఆ స్పోర్ట్స్ కారు, కప్పున్న జీటీ రకంతో కలిపి ఐదు లక్షలకు పైగా తయారైంది. ఫ్యాక్టరీ పోయినా కారు ఇంకా రోడ్ల మీద తిరుగుతోంది. అందుకు కారణం దాన్ని బాగుచేసుకునే చేతులు.

కప్పు లేని బండి కొత్తదేమీ కాదు. యుద్ధ రథాలకు కప్పెక్కడిది? గుర్రబ్బగ్గీలకు మడిచే తోలు టాపు వచ్చింది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల కారులో కూర్చున్నవాళ్ల నెత్తిన ఆకాశమే. నాలుగు వైపులా మూసిన కారు మామూలైపోయింది 1920ల నుంచే. ఆ దశాబ్దంలోనే ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజెస్ మేనేజరు సెసిల్ కింబర్, సాదా మోరిస్ కార్లకు చురుకైన బాడీలు కట్టించి అమ్మాడు. ఎంజీ అన్నది ఆ గ్యారేజీ పేరులోని పొడి అక్షరాలే. 1929లో పని అబింగ్డన్‌కు మారింది. 1945లో లండన్ కింగ్స్ క్రాస్ దగ్గర రైలు ప్రమాదంలో కింబర్ చనిపోయాడు. యుద్ధం తర్వాత తన కార్ల మీద అమెరికా మోజుపడటం ఆయన చూడలేదు.

1962లో వచ్చిన ఎంజీబీలో 1,798 సీసీ ఇంజను, రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు, సుమారు 95 గుర్రాల బలం. ఈ రోజుల లెక్కలో అది పెద్ద బలమేం కాదు. కానీ నేలకు ఆనుకున్నట్టు కూర్చుని, పొట్టి గేరు రాడ్డు మీద చెయ్యి వేసి, గాలి ముఖానికి కొడుతుంటే గంటకు 80 కిలోమీటర్లు కూడా వేగంగానే అనిపిస్తుంది. పవర్ స్టీరింగ్ లేదు. 1967కు ముందు వచ్చిన కార్లలో మొదటి గేరుకు సింక్రోమెష్ (గేర్లను సాఫీగా కలిపే అమరిక) లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే అది వేయాలి. తోలేవాడి ధ్యాస ఎప్పుడూ కారు మీదే ఉంటుంది. నాకు అందులో నచ్చేది అదే.

పోషణ కూడా అంతే. ముందు చక్రాల కింగ్‌పిన్నులకు దాదాపు 5,000 కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టాలి. కార్బ్యురేటర్ల నెత్తినున్న డ్యాంపర్లలో ఆయిల్ అడుగంటితే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను తడబడుతుంది. మూత విప్పి నాలుగు చుక్కలు పోస్తే సరి. పానాల డబ్బా, ఓపిక ఉన్న మనిషికి ఇంజను భయపెట్టదు.

భయపెట్టేది తుప్పు. ఈ కారుకు విడిగా చాసిస్ లేదు. టాపు విప్పే రకానికి పైన గట్టి కప్పు కూడా లేదు కాబట్టి మోసే బరువులో ఎక్కువ భాగం తలుపుల కింద నడిచే రెండు సిల్లుల మీదే పడుతుంది. సిల్లు లోపల్నుంచి తినేస్తే నడుము కుంగి తలుపు సందు పైభాగాన ఇరుకవుతుంది. తెలిసిన వెల్డరు పాత సిల్లు కోసే ముందే తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప పట్టీ బిగిస్తాడు. లేకపోతే కారు వంగిన ఆకారంలోనే అతుక్కుపోతుంది.

బాడీ మొత్తం పుచ్చిపోతే? ఒకప్పుడు తుక్కు దుకాణమే గతి. ఇక్కడే నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థలో డేవిడ్ బిషప్, ఆయన మనుషులు పాత ప్రెస్ అచ్చుల కోసం వేట సాగించారు. దొరికినవి శుభ్రం చేసి, దొరకనివి తిరిగి చేయించి, 1988లో కొత్త ఎంజీబీ బాడీని అమ్మకానికి పెట్టారు. తయారీ ఆగిన ఎనిమిదేళ్లకు! కొన్నవాళ్లు తమ పాత కారు ఇంజను, గేర్‌బాక్సు, యాక్సిళ్లు, సీట్లు ఊడదీసి అందులో బిగించుకున్నారు. ఒక కారును సామాన్యుడి షెడ్డులో మళ్లీ పుట్టించే వీలు కల్పించిన ఇంత గొప్ప పని మోటారు చరిత్రలో అరుదు. ఆ బాడీ ఆధారంగానే 1990ల్లో ఎంజీ ఆర్‌వీ8 అనే కారు వచ్చింది. సుమారు 2,000 చేస్తే ఎక్కువ భాగం జపాన్ వెళ్లాయి.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. 2005లో ఎంజీ రోవర్ దివాలా తీసింది, పేరు చైనాకు వెళ్లింది. 2019 నుంచి ఎంజీ ఎనిమిది పలకల గుర్తుతో గుజరాత్‌లోని హలోల్‌లో చేసిన హెక్టర్ కార్లు మన హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద తిరుగుతున్నాయి. సైబర్‌స్టర్ పేరుతో టాపు తెరుచుకునే ఎంజీ కూడా వచ్చింది, కరెంటుతో నడిచేది. ఇక పాత ఎంజీబీల సంగతికొస్తే, బ్రిటన్‌లో 2000 నుంచి సీసం పెట్రోలు లేదు. దాంతో పాత ఇంజన్ల వాల్వ్ సీట్లు గట్టివాటితో మార్పించాల్సి వచ్చింది. 2018 నుంచి అక్కడ నలభై ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు చేయని కార్లకు ఏటా జరిగే తనిఖీ తప్పనిసరి కాదు. బ్రేకులు, సిల్లులు చూసుకునే పూచీ యజమానిదే. 2021లో అక్కడి మామూలు పెట్రోలులో ఎథనాల్ పాలు 10 శాతం దాకా పెరిగింది. మన బంకుల్లో అది 20 శాతానికి చేరింది. పాత రబ్బరు పైపులను ఎథనాల్ మెత్తబరుస్తుంది, పగులుస్తుంది. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే మంటే. అందుకే పాత కారు కొన్నవాళ్లు రంగు, క్రోమియం మెరుగు తర్వాత చూసుకుని, ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా ఎథనాల్‌ను తట్టుకునే పైపులు ముందు వేయించుకోవాలి.