కత్తికి పుట్టినూరు కోనసముద్రం

డమాస్కస్ కత్తుల పేరు సిరియా నగరానిది. వాటికి వాడిన మేలురకం ఉక్కులో కొంత మాత్రం ఉత్తర తెలంగాణ కొలిముల్లో పుట్టింది. మంచిర్యాలకు పడమట, గోదావరికి దక్షిణాన, నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో ఉన్న కోనసముద్రం ఈ ఉక్కుకు పెట్టింది పేరు.

17వ శతాబ్దంలో ఫ్రెంచ్ వర్తకుడు టావెర్నియే, అలలలాంటి చారలు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు. అదే కాలంలో తెవెనో అనే యాత్రికుడు ఇందల్వాయి కత్తులు, బాకులు, బల్లేలు దేశమంతటా అమ్ముడుపోతాయని చెప్పాడు. ఇందల్వాయి కూడా నిజామాబాద్ ప్రాంతంలోదే.

ఇక్కడి ఉక్కు పని తీరును దగ్గరగా చూసి రాసినవాడు, దేశాన్ని కొలిచిన త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయిసీ. 1824లో ఆయన చనిపోయాక, 1832లో ఆ వివరణ కలకత్తాలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్ల చొప్పున కలిపేవారు. ఒకటి నల్ల ఇసుక నుంచి, ఇంకొకటి ఇనుపరాయి నుంచి తీసినది. కర్బనం ఎక్కువున్న ఇనుము, తక్కువున్న ఇనుము ఇలా కలిసి కరిగేవని తర్వాతి పరిశోధకుల అభిప్రాయం. వేడికి తట్టుకునే మట్టిలో ఊక కలిపి పిసికి మూసలు చేసేవారు. ఇనుమును వాటిలో పెట్టి, తిత్తులు ఊదుతూ ఒక పగలూ రాత్రీ మంట ఆరకుండా చూసేవారు. మూస పగలగొడితే ముప్పావు కిలోకు కాస్త తక్కువగా ఉక్కు ముద్ద దొరికేది. అది అప్పుడే సుత్తికి లొంగదు. మట్టి పూసి 12 నుంచి 16 గంటలు కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చి, మూడు నాలుగు సార్లు ఇలా చేశాకే మెత్తబడేది. అసలు నేర్పు ఇక్కడే ఉందనాలి. తొందరపడి కొడితే ముద్ద చిట్లిపోతుంది.

బొగ్గుగనుల ప్రాంతం వాళ్లకు, ఈ ఉక్కుకు గని బొగ్గు వాడారా అనే సందేహం రావచ్చు. ఈ కొలిములకు కావలసింది కట్టెబొగ్గే, నేలకింది బొగ్గు కాదు. అడవి దగ్గరుండటం, వాగుల్లో నల్ల ఇసుక దొరకటం, ఈ రెండూ ఇక్కడ ఉక్కు పనిని నిలబెట్టాయి.

వాయిసీ కోనసముద్రంలో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుణ్ని కలిశాడు. అతను దగ్గరుండి పాళ్లు తూయించి, ముద్దలు కాల్చటం చూసి మరీ సరుకు కొనుక్కునేవాడు. పర్షియాలో ఈ పద్ధతిని అనుకరించాలని చూసి విఫలమయ్యారని చెప్పింది అతనే. ఇంత దూరం వచ్చిన కొనుగోలుదారు పేరు కాగితం మీద నిలిచింది. తిత్తి ఊదిన కమ్మరి పేరు ఎక్కడా లేదు. ఈ చరిత్రలో పెద్ద లోటు అదే.

19వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి చవక ఉక్కు వచ్చిపడింది. యుద్ధాల్లో కత్తి స్థానాన్ని తుపాకీ ఆక్రమించింది. కొలిములు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి, కమ్మర్లు నాగలి కర్రులకూ కొడవళ్లకూ పరిమితమయ్యారు.

2010లో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల్లో సర్వే చేశారు. ఇనుప చిట్టెం కుప్పలు, మూస పెంకులు వందకు పైగా చోట్ల బయటపడ్డాయి. కోనసముద్రం ఒంటరి ఊరు కాదు, కమ్మర్లు పనిచేసిన ఒక విస్తారమైన ప్రాంతంలో పర్షియా వర్తకులు ఎరిగిన ఊరు.