‘మంచివాడు వెనకబడతాడు’ అన్న మాటలో నిజమెంత? పురుషుల స్వభావం, ఆకర్షణపై పరిశోధనలు ఏమంటున్నాయి

స్త్రీలు మంచి పురుషులను మెచ్చుకుంటారే గానీ, మనసిచ్చేది మాత్రం దుడుకువారికేనన్న నమ్మకం ఒకటి చాలాకాలంగా వ్యాప్తిలో ఉంది. కళాశాల వసతిగృహాల కబుర్ల నుంచి సినిమా కథానాయకుల పాత్రచిత్రణ దాకా దీని నీడ కనిపిస్తుంది. ప్రేమ విఫలమైన యువకుడు తన మంచితనమే తనను ఓడించిందని తీర్మానించుకుని, ఇకపై కటువుగా ఉండటం నేర్చుకోవాలని భావిస్తే, ఆ నమ్మకానికి అతనితో పాటు అతని జీవితంలోకి రాబోయే స్త్రీ కూడా మూల్యం చెల్లించవలసి వస్తుంది. అందువల్ల మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని కొంత శ్రద్ధగానే పరీక్షించారు.

‘మంచివాళ్లు చివరి స్థానంలో మిగులుతారు’ అన్న అర్థంలో ఆంగ్లంలో స్థిరపడిన నానుడికి ప్రేమతో సంబంధం లేదు. అమెరికాలో బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు మేనేజర్ లియో డ్యూరోషర్ 1946లో ప్రత్యర్థి జట్టు న్యూయార్క్ జెయింట్స్‌ను ఉద్దేశించి చేసిన వ్యాఖ్య నుంచి అది పుట్టింది. ఆట మైదానంలో పుట్టిన మాట క్రమంగా ప్రేమ వ్యవహారాలకు పాకింది. 1975లో వెలువడిన తన ఆత్మకథకు డ్యూరోషర్ ఆ మాటనే పేరుగా పెట్టుకున్నారు.

ఈ చర్చలోని చిక్కంతా ‘మంచివాడు’ అన్న పదంలోనే ఉంది. తెలుగులో మంచివాడు వేరు, నెమ్మదస్తుడు వేరు, మెతకమనిషి వేరు. సంబంధాలు చూసేటప్పుడు పెద్దలు ‘పిల్లవాడు మంచివాడే కానీ మరీ మెతక’ అనడంలో రెండు గుణాలను విడదీసి తూచడం ఉంది. పరిశోధకులు చేసినదీ దాదాపు ఇదే. వ్యక్తిత్వాన్ని ఐదు ప్రధాన గుణాలుగా కొలిచే విధానంలో దయ, సహకారం, ఇతరుల పట్ల నమ్మకం వంటివి ‘సౌహార్దత’ కిందికి వస్తాయి. చొరవ, మాటకారితనం, పదిమందిలో తన అభిప్రాయం నిలబెట్టుకోవడం ‘బహిర్ముఖత’ కిందికి వస్తాయి. ఒకటి ఎక్కువగా ఉన్నంత మాత్రాన రెండవది తక్కువ కానక్కరలేదు.

ఈ రెండింటినీ కలిపి పరీక్షించిన అధ్యయనాల్లో ముఖ్యమైనది జెన్సెన్-క్యాంప్‌బెల్, గ్రాజియానో, వెస్ట్ అనే పరిశోధకులు 1995లో ప్రచురించినది. చొరవ, ఆధిపత్య ధోరణి ఒక కొలతగా, ఇతరుల మేలు కోరే స్వభావం మరొక కొలతగా పురుషులను వేర్వేరు రకాలుగా చూపి, వారిలో ఎవరు ఆకర్షణీయంగా ఉన్నారో చెప్పమని విద్యార్థినులను అడిగారు. మేలు కోరే స్వభావం ఉన్న పురుషుల ఆకర్షణ పెరిగింది. ఆధిపత్య ధోరణి ఒంటరిగా పెద్దగా పనిచేయలేదు. దయాస్వభావానికి తోడైనప్పుడే అది ఆకర్షణను పెంచింది. అంటే దుడుకుతనానికి పడిన ఓటుగా జనం భావించినది నిజానికి ధైర్యం తోడైన దయకు పడిన ఓటు.

అర్బానియాక్, కిల్‌మన్ 2003లో ప్రచురించిన రెండు ప్రయోగాలు మరో భేదాన్ని చూపాయి. మొదటిదానిలో 48 మంది, రెండవదానిలో 194 మంది విద్యార్థినులు పాల్గొన్నారు. మంచితనం, అందం రెండూ ఎంపికకు తోడ్పడ్డాయి. అయితే స్థిరమైన బంధం కోసమైతే మంచితనానికి, తాత్కాలిక సంబంధమైతే అందానికి ఎక్కువ ప్రాధాన్యం లభించింది. వారే 2006లో పురుషుల అనుభవాలను పరిశీలించినప్పుడు, సౌహార్దత తక్కువగా ఉన్నవారు తాత్కాలిక సంబంధాల్లో ఎక్కువ విజయం సాధించినట్లు తేలింది. పాత నమ్మకానికి ఈ ఒక్క మూలలో ఆధారం ఉందని ఒప్పుకోక తప్పదు.

దీనికి కారణం వెతికితే కాలం అనే అంశం ముందుకు వస్తుంది. స్వీయమోహం, కుటిలత్వం, నిర్దయత అనే మూడు గుణాలను కలిపి పాల్‌హస్, విలియమ్స్ 2002లో ‘డార్క్ ట్రయాడ్’ అని వ్యవహరించారు. ఇవి అధికంగా ఉన్న పురుషులు స్వల్పకాలిక సంబంధాల వైపు మొగ్గుతారని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. తొలి పరిచయంలో వారి ఆత్మవిశ్వాసం, అలంకరణ, చమత్కారం మెప్పిస్తాయి. మరి ఆ మెప్పు ఎన్నాళ్లు నిలుస్తుంది? పాల్‌హస్ 1998లో ప్రచురించిన అధ్యయనం దీనికి బదులిచ్చింది. చిన్న బృందాలుగా ఏర్పడిన విద్యార్థులు ఏడుసార్లు సమావేశమయ్యారు. మొదటి సమావేశంలో స్వీయమోహం గలవారికి మంచి మార్కులు పడ్డాయి. ఏడవ సమావేశం నాటికి అదే సభ్యులు వారిని గొప్పలు చెప్పుకునేవారిగా, ఇతరులపై కసురుకునేవారిగా అంచనా వేశారు. ఇది ప్రేమజంటలపై జరిగిన పరిశీలన కాదు గానీ, తొలిచూపు తీర్పు ఎంత తొందరగా తిరగబడగలదో చూపుతుంది.

మన అలంకారికులకు ఈ భేదం తెలియనిది కాదు. ధనంజయుని ‘దశరూపకం’ మొదలుకొని ఓరుగల్లు ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ‘ప్రతాపరుద్రీయం’ వరకు శృంగార నాయకులను అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు అని నాలుగు విధాలుగా విభజించారు. ఒకే నాయికపై అనురాగం నిలిపినవాడు అనుకూలుడు. తప్పు బయటపడినా జంకనివాడు ధృష్టుడు. చాటుగా అప్రియం చేసేవాడు శఠుడు. ధృష్టుణ్ణి చూడగానే గుర్తుపట్టవచ్చు. శఠుణ్ణి గుర్తించడానికే సమయం పడుతుంది.

ఆ సమయం తీసుకునే జాగ్రత్త స్త్రీలలో ఉందనిపించే ఫలితం కూడా ఒకటుంది. ఇజ్రాయెల్ పరిశోధకురాలు గురిత్ బిర్న్‌బామ్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి పరిచయంలోనే ఎంతో శ్రద్ధగా స్పందించిన స్త్రీ పురుషులకు మరింత ఆకర్షణీయంగా తోచింది. అదే విధంగా స్పందించిన పురుషుడు స్త్రీలకు అంతగా ఆకర్షణీయంగా తోచలేదు. అపరిచితుని అతిశ్రద్ధ వెనుక ఉద్దేశం ఏమిటన్న సందేహం ఇందుకు కారణం కావచ్చు. ఆ సందేహం నిరాధారం కాదు. సాయం చేసి, ఓదార్చి, అందుకు ప్రతిగా ప్రేమ రావలసి ఉందని లెక్క కట్టుకునేవారు, తిరస్కారం ఎదురైన మరుక్షణం నిందకు దిగడం తెలిసిందే. అటువంటివారు తాము మంచివాళ్లం కాబట్టే ఓడిపోయామంటారు. వారు చూపినది మంచితనమా, అప్పా అన్నది వేరే ప్రశ్న.

జీవిత భాగస్వామి విషయంలో మాత్రం స్త్రీపురుషుల అభిరుచులు ఆశ్చర్యకరంగా కలుస్తాయి. డేవిడ్ బస్ నాయకత్వంలో 33 దేశాల్లోని 37 సమూహాల నుంచి 10,047 మందిని ప్రశ్నించిన సర్వేలో భారతీయులు కూడా ఉన్నారు. 1989లో వెలువడిన ఆ అధ్యయనంలో సంపాదన, వయసు, రూపం విషయాల్లో స్త్రీపురుషుల మధ్య తేడాలు కనిపించాయి. దయ, అర్థం చేసుకునే గుణం మాత్రం ఉభయుల జాబితాల్లోనూ అగ్రభాగాన నిలిచాయి. అయితే కాగితంపై కోరినదే ఎదుటపడినప్పుడు ఎంచుకుంటారన్న హామీ లేదు. స్పీడ్ డేటింగ్ సమావేశాలను పరిశీలించి ఈస్ట్‌విక్, ఫింకెల్ 2008లో ఈ సంగతి చూపారు.

పైన పేర్కొన్న ప్రయోగాల్లో పలువురు అభ్యర్థులు పాశ్చాత్య విశ్వవిద్యాలయాల విద్యార్థులే. పెద్దలు కుదిర్చే వివాహాలు విస్తారంగా ఉన్న మన దేశంలో పరిచయం, ఆకర్షణ తరచు పెళ్లి తరువాతే మొదలవుతాయి. అందువల్ల ఇక్కడ డేటింగ్ ఫలితాల కన్నా దాంపత్య ఫలితాలే ఎక్కువ వర్తిస్తాయి. మాలూఫ్ తదితరులు 2010లో అనేక అధ్యయనాలను క్రోడీకరించి చూడగా, భాగస్వామికి సంతృప్తినిచ్చిన గుణాలు నాలుగు తేలాయి: భావోద్వేగాల నిలకడ, సౌహార్దత, కర్తవ్యదీక్ష, బహిర్ముఖత.