పురీషనాళ కాన్సరు: నూరేళ్ళ లెక్కలు

చిత్తూరు నుండి పలమనేరుకు పోయే రహదారి మీద, మామిడి తోటల నడుమ ఉన్నది బంగారుపాళ్యం. ఏ పల్లెలోనైనట్లే ఇక్కడ కూడ, మలంలో నెత్తురు కనిపిస్తే చాలామందికి మొదట తోచే మాట "మొలలు". పథ్యం, పసరు మందులతో నెలలు గడిచిపోవచ్చును. ఎక్కువమందిలో అవి నిజంగా మొలలే. కాని కొందరిలో ఆ నెత్తురు పురీషనాళంలో పుట్టిన కాన్సరుకు తొలి గుర్తు.

పెద్దప్రేగు చివర, మలద్వారానికి పైన సుమారు 15 సెంటీమీటర్ల పొడవున ఉండే గొట్టమే పురీషనాళం. ఇది కటి ఎముకల ఇరుకులో ఒదిగి ఉంటుంది. ముందు మూత్రాశయం, వెనుక వెన్నెముక చివరి ఎముకలు, ప్రక్కల సన్నని నరాలు. ఈ ఇరుకే శస్త్రవైద్యులకు పెద్ద చిక్కు అయినది.

1826లో పారిస్ నగరంలో లిస్‌ఫ్రాంక్ అనే వైద్యుడు ఇట్టి కాన్సరును క్రింది మార్గాన కోసి తీసినాడు. అప్పటికి మత్తుమందు లేదు. గాయాలు చీము పట్టడానికి సూక్ష్మజీవులే కారణమని వైద్యులకు తెలియదు. తరువాత ఆ రెండు సౌకర్యాలూ వచ్చినవి. రోగులు శస్త్రచికిత్సను తట్టుకొన్నారు. కాని వ్యాధి తిరిగి వచ్చేది.

ఎందువలన? ఈ ప్రశ్నకు లండన్ వైద్యుడు ఎర్నెస్ట్ మైల్స్ తన రోగుల లెక్కలోనే సమాధానం వెదికినాడు. క్రింది మార్గాన తాను చికిత్స చేసిన 57 మందిలో 54 మందికి కాన్సరు తిరిగి వచ్చినది. ఈ వైఫల్యాన్ని ఆయన దాచలేదు. మరణించినవారి శరీరాలను పరీక్షించి, వ్యాధి లింఫు నాళాల వెంట పైకి ప్రాకుతున్నదని గ్రహించినాడు. క్రింది నుండి కోసే కత్తి అంత ఎత్తుకు అందదు. అందువలన పొట్టను కూడ తెరచి, పై నుండి, క్రింది నుండి కలిపి తొలగించే పద్ధతిని 1908లో ప్రకటించినాడు. మొదటి 12 మందిలో 5 గురు చనిపోయినారు. బ్రతికినవారు జన్మంతా పొట్ట మీద అమర్చిన ద్వారం గుండానే మలవిసర్జన చేయవలసి వచ్చినది. అయినా వ్యాధి తిరిగి రావడం తగ్గినది.

1932లో లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో కత్‌బర్ట్ డ్యూక్స్ కోసి తీసిన ముక్కలను పరీక్షించి వ్యాధిని మూడు దశలుగా విభజించినాడు. ప్రేగు గోడలోనే ఉంటే మొదటిది; గోడను దాటితే రెండవది; లింఫు గ్రంథులకు చేరితే మూడవది. దశ తెలిస్తే రోగి భవిష్యత్తును చాలవరకు ఊహించవచ్చునని తేలినది.

అయినా కొందరిలో కాన్సరు కటిలోనే మరల పుట్టేది. 1982లో ఇంగ్లండు వైద్యుడు బిల్ హీల్డ్ దీనికొక కారణం చూపినాడు. పురీషనాళం చుట్టూ క్రొవ్వుతో కూడిన ఒక తొడుగు ఉంటుంది. కాన్సరు కణాలు అందులో దాగి ఉండవచ్చును. చేతితో తడుముతూ లాగితే తొడుగు చినిగి కొంత లోపల మిగిలిపోతుంది. కంటితో చూస్తూ, పొర వెంట కత్తిరించి తొడుగును చెక్కుచెదరకుండ తీయాలన్నాడు. 1986లో క్వర్క్, ఆయన సహచరులు 52 మంది నుండి తీసిన భాగాలను సూక్ష్మదర్శినితో పరీక్షించినారు. 14 మందిలో కాన్సరు ప్రక్క అంచు వరకు చేరి ఉన్నది. ఆ 14 మందిలో 12 మందికి వ్యాధి కటిలో తిరిగి వచ్చినది. తప్పు ఎక్కడ ఉన్నదో కంటికి కనిపించినది.

2001లో డచ్చి వైద్యులు మరొక మెట్టు ఎక్కినారు. ఈ పద్ధతికి ముందుగా ఐదు రోజుల కిరణచికిత్స కూడ ఇచ్చినచో, రెండేళ్ళలో వ్యాధి అక్కడే తిరిగి రావడం నూటికి 8.2 నుండి 2.4కు తగ్గినది.

ఈ ఫలితాలు బంగారుపాళ్యానికి దూరమైనవి కావు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతం, వేలూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1900లో వేలూరులో ఐడా స్కడర్ ఒకే మంచంతో ప్రారంభించిన వైద్యశాల పెరిగి క్రైస్తవ వైద్య కళాశాల అయినది. పెద్దప్రేగు, పురీషనాళ శస్త్రచికిత్సకు అక్కడ ప్రత్యేక శాఖ ఉన్నది. తిరుపతిలో కూడ టాటా ట్రస్టుల ఆధ్వర్యాన 2022లో కాన్సరు ఆసుపత్రి ప్రారంభమైనది.

కాని ఎంత నేర్పరి అయిన వైద్యుడైనా రోగి రాకముందు ఏమీ చేయలేడు. అమెరికా లెక్కల ప్రకారం, వ్యాధి పురీషనాళంలోనే ఉండగా కనుగొన్నచో ఐదేళ్ళు దాటి జీవించేవారు నూటికి సుమారు 90 మంది. దూరపు అవయవాలకు ప్రాకినచో 20 మందికి మించరు. ఇన్ని లెక్కలలోను రోగి చేతిలో ఉన్నది ఈ ఒక్కటే. పురీషనాళ కాన్సర్లలో అనేకం వైద్యుని వేలికి అందేంత దూరంలోనే ఉంటాయి. తొడుగు వేసుకొన్న వేలితో చేసే ఆ పరీక్షకు కొద్ది నిమిషాలు చాలును. దానికి అడ్డు నిలిచేది చాలాసార్లు సిగ్గు మాత్రమే. నెత్తురు కనిపించినపుడు "మొలలే" అని ఇంటివద్ద తీర్మానించక, ఆ మాటను వైద్యుని చేత చెప్పించుకొనడం మేలు.