సినిమా, పుస్తకం, పదాల ఆట: తెలుగువారి ఇంగ్లీషు అభ్యాసంపై ఒక పరిశీలన

2015లో బెల్జియంలో జరిగిన ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీని న్యూజిలాండ్ దేశస్థుడు నైజెల్ రిచర్డ్స్ గెలిచాడు. అతనికి ఫ్రెంచి మాట్లాడటం రాదు. పోటీకి ముందు సుమారు తొమ్మిది వారాలు కూర్చుని ఫ్రెంచి స్క్రాబుల్ పదాల జాబితాను కంఠతా పట్టాడు, అంతే. 2024లో స్పానిష్ ప్రపంచ పోటీని కూడా గెలిచాడు. వేల మాటలు తెలిసి కూడా ఆ భాషలో సంభాషణ సాగించలేని స్థితి ఇది. దీన్ని ఒక వింతగా చెప్పుకుని వదిలేయడం మామూలు. మనం పిల్లలకు రోజూ ఇచ్చే ఒక సలహాను పరీక్షించడానికి మాత్రం ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

ఆ సలహా అందరికీ తెలిసిందే. ఇంగ్లీషు రావాలంటే ఇంగ్లీషు సినిమాలు చూడు, పుస్తకాలు చదువు, పదాల ఆటలు ఆడు. మూడూ ఒకే గుక్కలో చెబుతాం, ఏది చేసినా ఫలితం ఒకటే అన్నట్టు. పదజాల పరిశోధనలో పేరున్న పాల్ నేషన్, ఒక మాట తెలియడమంటే దాని రూపం, అర్థం, వాడుక తెలియడమని విడదీసి చెప్పాడు. రూపంలో మళ్లీ చెవికి వినపడేది వేరు, కంటికి కనపడేది వేరు. ఈ విభజన ప్రకారం చూస్తే పదాల ఆట ప్రధానంగా రాత రూపాన్ని ఇస్తుంది, సినిమా ధ్వనిని ఇస్తుంది, పుస్తకం అర్థాన్నీ వాడుకనూ ఇస్తుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి ఏది ముందు, ఏది ఎంత అన్నది తేల్చకుండా ఇచ్చే సలహా వల్ల శ్రమే మిగులుతుందని ఈ వ్యాసం వాదన.

ముందుగా ఆటల సంగతి. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్, స్క్రాబుల్‌ను తయారుచేస్తూ పత్రికల పుటల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. ఆ లెక్కే ఇప్పటికీ ఆటకు పునాది. ఇంగ్లీషు ఆటలోని 100 బిళ్లల్లో ‘ఇ’ బిళ్లలు 12, ఒక్కోదానికి ఒక పాయింటు. ‘క్యూ’ ఒక్కటే, దానికి 10 పాయింట్లు. అర్థానికి ఎక్కడా పాయింట్లు లేవు. ‘క్యూ’ చేతికొచ్చి ‘యు’ రాకపోతే ఆటగాణ్ని ఒడ్డున పడేసేది ‘క్యూ’, ‘ఐ’ అనే రెండక్షరాలతో రాసే మాట. ప్రాణశక్తి అనే అర్థంలో చైనా నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఆ మాటను ‘చీ’ అని పలుకుతారు. ఆ పలుకుబడి, ఆ అర్థం తెలియకపోయినా బోర్డు మీద పాయింట్లకు లోటు రాదు. థాయ్‌లాండ్ ఆటగాళ్లు 2003లోనూ, 2009లోనూ ఇంగ్లీషు స్క్రాబుల్ ప్రపంచ విజేతలయ్యారు. ఇంగ్లీషు పెద్దగా వాడుకలో లేని దేశం నుంచి అంతటి విజేతలు రావడం ఆట స్వభావాన్నే చెబుతోంది.

మనవాళ్లకు మరింత దగ్గరి ఉదాహరణ అమెరికాలోని జాతీయ స్పెల్లింగ్ బీ. 1925లో మొదలైన ఈ పోటీలో 1999 తర్వాతి విజేతల్లో అత్యధికులు భారత సంతతి పిల్లలే. వారిలో తెలుగు ఇళ్ల పిల్లలకు మంచి వాటా ఉంది. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, 2024లో బృహత్ సోమ గెలిచారు. రత్నం చిట్టూరి 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ప్రవాస కుటుంబాల పిల్లలకు ఇలాంటి పోటీలు నడుపుతూ, భారతదేశంలోని పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తోంది. ఈ విజయాలు చూసి మన పట్టణాల్లోనూ స్పెల్లింగ్ పోటీల మీద మోజు పెరిగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. స్పెల్లింగ్ ఒక్కటే చాలదని జాతీయ స్పెల్లింగ్ బీ నిర్వాహకులే గ్రహించారు. 2013లో పదాల అర్థాల మీద కంప్యూటర్ పరీక్ష చేర్చారు. 2021 నుంచి వేదిక మీదే అర్థం అడుగుతున్నారు. 2022లో ఒక అమ్మాయి అర్థాల ఘట్టంలో ‘పలులేషన్’ అనే మాటకు పక్షులు జతకట్టి గూడు కట్టుకోవడమనే అర్థాన్ని ఎంచుకుంది. న్యాయనిర్ణేతలు ఆశించింది తేనెటీగలు గుంపుకట్టడం. ఆమెను పోటీ నుంచి తప్పించారు. తర్వాత పరిశీలించుకుని ఆమె జవాబును కూడా ఒప్పుకోవచ్చని తేల్చి వెనక్కి పిలిచారు. చివరికి ఆ ఏడాది విజేత ఆమే. స్పెల్లింగ్‌లో తప్పు, ఒప్పు అని గీత గీసినంత తేలిగ్గా అర్థంలో గీయలేమని ఆ వేదిక మీదే బయటపడింది.

స్పెల్లింగ్ బీని పూర్తిగా తీసిపారేయలేం. ఆ పిల్లలు మాట చెప్పగానే ఏ భాష నుంచి వచ్చిందని అడుగుతారు. గ్రీకు ధాతువులు, లాటిన్ ఉపసర్గలు పట్టుకుని తెలియని మాటను కూడా ఊహిస్తారు. సంస్కృత ఉపసర్గలతో సమాసాలు విప్పడం అలవాటైన మనకు ఆ విద్య కొత్తేమీ కాదు. అయితే వాళ్లకు ఇంగ్లీషు వీధిలో, బడిలో, ఆటస్థలంలో ఎటూ దొరుకుతోంది. పోటీ దాని మీద పైచేర్పు మాత్రమే. ఒక పేరా రాయడానికి తడుముకునే తొమ్మిదో తరగతి పిల్లాడి చేత అరుదైన మాటల స్పెల్లింగులు వల్లె వేయించడం అన్నం పెట్టకుండా ఆవకాయ వడ్డించినట్టే. అతనికి ఎక్కువ పనికొచ్చేవి సాదా ఆటలు. జాష్ వార్డిల్ 2021లో విడుదల చేసిన వర్డిల్‌నే తీసుకోండి. జవాబుగా వచ్చే మాటలను అతని భాగస్వామి పరిచితమైన రెండు వేల పైచిలుకు మాటలకు కుదించింది. మన తరగతి గదుల్లో ఒకరి మాట చివరి అక్షరంతో మరొకరు మాట అందుకునే ఆట కూడా అంతే. తెలిసిన మాటను తొందరగా నాలిక చివరికి తెచ్చుకునే సాధన అది.

అన్నం స్థానం పుస్తకానిది. దీని మీద తొలి గట్టి ఆలోచన మన ఉపఖండంలోనే జరిగింది. 1920ల్లో ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ రంగంలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లల్లో చాలామంది మధ్యలోనే బడి మానేయడం చూశాడు. మాట్లాడటం సగం నేర్చి మానేస్తే ఆ సగం ఎందుకూ కొరగాదు, చదవడం సగం వచ్చినా ఎంతో కొంత అక్కరకొస్తుందని అతని వాదన. దానికి అతను బీమా రంగం నుంచి ‘సరెండర్ వాల్యూ’ అనే మాటను అరువు తెచ్చుకున్నాడు. బడి మానేసిన రోజున పిల్లాడి చేతిలో మిగిలేది ఎంత అన్నదే అతని ప్రశ్న. అరుదైన మాటలు తీసేసి, తరచుగా వచ్చే మాటలతో కథలు తిరగరాసి వాచకాలు తయారుచేశాడు. 1953లో అతని సంపాదకత్వంలో వెలువడిన సుమారు 2,000 మాటల జాబితా దశాబ్దాల పాటు ఇంగ్లీషు వాచకాలకు కొలబద్దగా నిలిచింది. విద్యా ప్రణాళికలు రాసేవాళ్లు వెస్ట్‌ను మళ్లీ చదవాలని నా అభిప్రాయం. మధ్యలో బడి మానేసే పిల్లల సమస్య ఇంకా తీరలేదు కదా.

పుస్తకం శక్తికి నిదర్శనం ఫిజీలో దొరికింది. వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మాంగుభాయి అక్కడి గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో నాలుగు, అయిదు తరగతుల గదులకు తలా 250 ఇంగ్లీషు కథల పుస్తకాలు ఇచ్చారు. రోజుకు ఇరవై, ముప్ఫై నిమిషాలు చదివించడమే పని. ఎనిమిది నెలలకు ఆ పిల్లలు చదవడంలోనూ, విని అర్థం చేసుకోవడంలోనూ మామూలు కన్నా రెట్టింపు వేగంతో ముందుకెళ్లారు. 1983లో ప్రచురితమైన ఈ ఫలితాల్లో గమనించాల్సింది పుస్తకాల స్థాయి. అవి బొమ్మలున్న, ఆసక్తిగా చదివించే పిల్లల కథలు.

మన ఇళ్లలో పాతుకుపోయిన సలహా ఇందుకు సరిగ్గా ఎదురు. రోజూ ‘ది హిందూ’ చదివితే ఇంగ్లీషు దానంతటదే వస్తుందని రెండు మూడు తరాలుగా చెబుతున్నాం. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే పుటలోని మాటల్లో 98 శాతం ముందే తెలిసి ఉండాలని హు, నేషన్ల 2000 నాటి అధ్యయనం సూచించింది. పుటకు 300 మాటలనుకుంటే ఆరు తెలియకపోయినా పరవాలేదు. పదో వంతు తెలియకపోతే పుటకు ముప్ఫై మాటల దగ్గర ఆగాలి. ఇంగ్లీషు పత్రికకు ఆ 98 శాతం రావాలంటే సుమారు 8,000 పదకుటుంబాలు (ఒక మూలపదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) తెలియాలని నేషన్ 2006లో లెక్కగట్టాడు. ఇంటర్ చదివే పిల్లాడు సంపాదకీయం ముందు కూర్చుని, ప్రతి వాక్యానికీ నిఘంటువు తీసి, పది రోజుల్లో పత్రిక పక్కన పెట్టేస్తే తప్పు అతని పట్టుదలది కాదు. పత్రిక చివర చేరాల్సిన మెట్టు. మొదటి మెట్టుగా దాన్ని చూపించడమే పొరపాటు.

సినిమా విషయంలో లెక్క కాస్త తేలిక. స్టువర్ట్ వెబ్, మైకేల్ రోజర్స్ 318 ఇంగ్లీషు సినిమాల సంభాషణలను పరిశీలించి 2009లో చెప్పిందేమిటంటే, 3,000 పదకుటుంబాలతో పాటు పేర్లూ, ఊతపదాలూ తెలిస్తే సినిమాలోని మాటల్లో 95 శాతం అందుతాయి. అయితే తెలుగువాడికి అసలు చిక్కు మాటల సంఖ్యలో కన్నా వాటి ధ్వనిలో ఉంది. మన లిపిలో రాసినట్టే పలుకుతాం. ఆ అలవాటు ఇంగ్లీషుకూ అంటుకుంటుంది. అందుకే ‘ప్లంబర్’లో ‘బ’ ఒత్తి పలుకుతాం, ‘రిసీట్’లో ‘ప’ వినిపిస్తాం, బుధవారాన్ని ‘వెడ్‌నెస్‌డే’ చేస్తాం. ఇవన్నీ కంటితో నేర్చిన మాటలు. మాటలో ఒక అచ్చును ఒత్తి పలికే ఊనిక సంగతి మరీ చిక్కు. ‘ఫొటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అచ్చు మీద, ‘ఫొటోగ్రాఫర్’లో రెండో అచ్చు మీద పడుతుంది. మిగతా అచ్చులు నలిగిపోయి ‘ఫటాగ్రఫర్’ లాంటిదేదో వినపడుతుంది. ఊనిక మార్చి మాటల అర్థాన్ని వేరుచేసే పద్ధతి తెలుగులో లేదు కాబట్టి మన చెవి ఆ నలిగిన అచ్చులను జారవిడుస్తుంది. చదివితే తెలిసే మాట వింటే తెలియకపోవడానికి పెద్ద కారణం ఇదే. పుస్తకాలతోనే ఈ లోటు పూర్తిగా తీరదు.

సినిమా ఆ లోటు తీర్చాలంటే సబ్‌టైటిల్స్ ఏ భాషలో ఉండాలన్నది కీలకం. 2009లో పరిశోధకులు మిటరర్, మక్వీన్ డచ్ విద్యార్థులకు స్కాటిష్, ఆస్ట్రేలియన్ యాసల్లో నడిచే దృశ్యాలు చూపించి పరీక్షించారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూసినవారు ఆ యాసను త్వరగా పట్టుకున్నారు. మాతృభాషలో సబ్‌టైటిల్స్ చదివినవారికి కొత్త మాటలు వినడంలో అవి అడ్డుపడ్డాయి. కథ తెలియడానికి తెలుగు సబ్‌టైటిల్స్ మేలే, చెవికి మాత్రం కాదు. డబ్బింగ్ గురించి చెప్పనే అక్కర్లేదు. 2019లో ‘ది లయన్ కింగ్’లో సింబాకు నాని గొంతు విని పిల్లలు ఆనందించారు, ఆనందించాల్సిందే. దాన్ని ఇంగ్లీషు సాధన ఖాతాలో వేయకపోతే చాలు.

మరి ఏ సామగ్రితో మొదలుపెట్టాలి? హాలీవుడ్ యాస మొదటి రోజునే అక్కర్లేదు. ఆర్.కె. నారాయణ్ 1935లో రాసిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ వాక్యాలు పొట్టివి, బడి వాతావరణం మనకు తెలిసినదే. శంకర్ నాగ్ 1980ల్లో తీసిన ‘మాల్గుడి డేస్’ సీరియల్ హిందీతో పాటు కొన్ని భాగాల వరకు ఇంగ్లీషులోనూ ఉంది. అందులో వినపడేది భారతీయుల ఇంగ్లీషు. ఏది ముందు అన్నది తేలాలంటే, తెలుగు మాధ్యమంలో పది చదివి వచ్చిన ఇంటర్ విద్యార్థులను రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత కథ ముందు చదివించి తర్వాత దృశ్యం చూపించి, రెండో జట్టుకు ఆ వరుస తిప్పి, నెల తర్వాత వారి వినికిడినీ చదువునూ విడివిడిగా కొలవాలి. చదివి వెళ్లిన జట్టుకు చెవి ముందుగా తెరుచుకుంటుందని నా అంచనా. కొలిచేటప్పుడు స్పెల్లింగ్ మార్కులను ఈ రెండింటితో కలపకూడదు.