గోడ పెంచిన జ్వరం

1940 నవంబరు 16న వార్సాలోని యూదుల పేటను జర్మన్లు మూసేశారు. చుట్టూ ఎత్తైన గోడ లేపడానికి వాళ్లు చూపిన సాకు టైఫస్ జ్వరం. యూదులే రోగాన్ని మోస్తారని, వాళ్లను వేరు చేస్తే ఊరు క్షేమంగా ఉంటుందని ప్రచారం చేశారు. అయితే ఈ జ్వరాన్ని మోసేది చీరపేను అని ట్యునీషియాలో షార్ల్ నికోల్ 1909లోనే తేల్చాడు. అందుకు 1928లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. కాబట్టి జర్మన్ వైద్యులకు ఆ సంగతి తెలియదనడానికి వీల్లేదు. అంటువ్యాధి వస్తే కట్టడి ఎక్కడైనా తప్పదు కదా అనవచ్చు. కట్టడి రోగిని ఆరోగ్యవంతుల నుంచి వేరు చేస్తుంది. ఈ గోడ ఇద్దరినీ కలిపి బంధించింది. మూడున్నర చదరపు కిలోమీటర్లకు మించని చోట నాలుగు లక్షలకు పైగా జనాన్ని కుక్కారు. అధికారిక రేషను రోజుకు 200 కేలరీలైనా ఉండేది కాదు. సబ్బు, బొగ్గు లేని ఆ ఇరుకులో పేలు పెరగక ఏం చేస్తాయి?

పై నుంచి రుద్దిన శుద్ధి కూడా ఎదురు తిరిగింది. ఒక ఇంట జ్వరం బయటపడితే చాలు, భవనమంతా దిగ్బంధం. జనాన్ని స్నానశాలలకు తోలి, బట్టలకు ఆవిరి పట్టేవారు. బట్టలు పాడయ్యేవి, చలిలో గంటలు గడిచేవి, డబ్బున్నవాళ్లు లంచమిచ్చి తప్పుకునేవారు. దాంతో ఇంటివాళ్లు రోగిని దాచడం మొదలుపెట్టారు, పేలు పక్క గదికి పాకాయి. శిక్షలా వచ్చిన వైద్యాన్ని భయపడ్డ జనం దగ్గరికి రానివ్వరు.

1941 శరదృతువులో ఉధృతంగా ఉన్న జ్వరం, మామూలుగా ఇంకా పెరగాల్సిన చలికాలం ముంగిట తగ్గుముఖం పట్టింది. సోకగలిగినవాళ్లందరికీ సోకి దానంతటదే చల్లారిందేమో అన్న వాదన ఉంది. 2020లో పరిశోధకుడు లెవీ స్టోన్ బృందం వెలువరించిన గణిత నమూనా దీన్ని సమర్థించలేదు. ఇంకా సోకని జనం పేటలో చాలామందే మిగిలి ఉన్నారు. వ్యాధిని తగ్గించింది లోపలి జనం శ్రమేనని ఆ పరిశోధకుల అభిప్రాయం. మొదటి ప్రపంచయుద్ధంలో సెర్బియాలో టైఫస్‌ను ఎదుర్కొన్న వైద్యుడు లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్ పేటలో ఆరోగ్య పాఠాలు చెప్పాడు. అంటువ్యాధి నివారణ శిక్షణ అన్న ముసుగులో శాస్త్రవేత్త యూలియుష్ ట్స్వైబౌమ్ ఏకంగా వైద్య పాఠశాలే నడిపాడు. శుభ్రతపై ప్రచారం, ఉచిత వంటశాలల గంజి, ఇంటింటి పర్యవేక్షణ తోడయ్యాయి. ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. కానీ ఇవన్నీ జనం నమ్మి పాటించగలిగినవి.

అంత చేసీ ఏం లాభం, చివరికి అందరినీ చంపేశారు కదా అన్న ప్రశ్న బరువైనదే. 1942 జులై 22న మొదలైన తరలింపుల్లో సుమారు రెండున్నర లక్షల మందిని ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి పంపారు. అప్పటికి జ్వరం ఉధృతి తగ్గి నెలలైంది. గోడకు అసలు కారణం రోగమే అయితే, రోగం తగ్గాక గోడ తలుపులు తెరుచుకోవాలి. అవి తెరుచుకున్నది రైళ్ల కోసం. ఆరోగ్యం పేరిట ఒక జనాన్ని వెలివేసినప్పుడు, అది వైద్యమా హింసా అని తేల్చుకోవడానికి ఈ ఒక్క పరీక్ష సరిపోతుంది: రోగం తగ్గాక వాళ్లకు స్వేచ్ఛ తిరిగి వచ్చిందా?